అత్త పంపిన దిమ్మలు

ఫిబ్రవరి 6

అత్తా,

నీ పెట్టెలు నిన్న చేరాయి. పై అంతస్తుకి మోయనని ఆటో అతను మొండికేస్తే, కింది వాటాలో ఉండే నర్సూ నేనూ కలిసి మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చాం. ఇంత బరువేంటి, ఏమున్నాయి ఇందులో అని ఆమె అడిగింది. ఆయాసంలో ఉన్నానేమో, "కాళ్ళు" అన్నాను. ఆమె చేతిలో తాడు అక్కడే వదిలేసి రెండు మెట్లు కిందికి దిగింది.

మా అత్త కృత్రిమ కాళ్ళు చేసే వర్క్‌షాపులో పనిచేస్తుందని, ఇవి కొలత కోసం పోసిన ప్లాస్టర్ దిమ్మలేనని కూర్చోబెట్టి చెప్పాను. తెగిన కాలికి తడి ప్లాస్టర్ గుడ్డ చుట్టి, ఆరాక దాన్ని తొడుగులా ఊడదీసి, అందులో మళ్ళీ ప్లాస్టర్ పోస్తే ఆ కాలి రూపం దిమ్మగా వస్తుందని, ఆ దిమ్మ మీదే కొత్త కాలికి, తెగిన కాలు దూర్చే గిన్నె చేస్తారని వివరించాను. ఇప్పుడు మీ దగ్గర కెమెరాతో కొలతలు తీస్తున్నారనీ, అందుకే స్టోరు గది ఖాళీ చేస్తున్నారనీ కూడా చెప్పాక ఆమె ముఖం కొంచెం తేటపడింది. కాఫీ మాత్రం తాగకుండానే వెళ్ళింది.

నువ్వు వాటిని విరగ్గొట్టి నా బొమ్మల్లోపల నింపుకోమన్నావు. విరగ్గొట్టలేదు. సుత్తి తీసుకుని కూర్చున్నమాట నిజమే. మొదటి పెట్టె విప్పగానే సుత్తి పక్కన పెట్టేశాను. చెట్ల బుడిపెలూ ఏటి రాళ్ళూ చూస్తూ ఇన్నేళ్ళుగా నేను మట్టితో చేయాలనుకున్న రూపాలన్నీ ఆ పెట్టెల్లో ఉన్నాయి. నేను చేసే ఆకుల చేతులూ చెట్టు వేళ్ళ పాదాలూ చూసి మా మాస్టారు ఎప్పుడూ "ముద్దుగా ఉన్నాయి" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ దిమ్మలు ముద్దుగా లేవు. నిజంగా ఉన్నాయి.

అసలు సంగతి చెబుతాను. వాటిలో కొన్ని ఒకే మనిషివి. ఎడమ కాలు, మోకాలి కింద జానెడు. ఒక పక్క కొడవలిలా వంగిన మచ్చ అన్నిటిలో ఉంది. మొదటిది లావుగా, మొరటుగా ఉంది. పోనుపోను సన్నబడుతూ వచ్చింది. పేర్చి చూస్తే కొండ రాయి ఏట్లో దొర్లుకుంటూ నున్నబడినట్టుంది. ఇంకో విషయం. మిగతావాళ్ళ దిమ్మల మీద ఆకురాయి గీతలు కనబడుతున్నాయి. ఇతనివి మాత్రం తడిగుడ్డతో తుడిచి తుడిచి నునుపు చేసి ఉన్నాయి. అది నీ చెయ్యే. ఎవరత్తా ఈయన?

వచ్చే నెల మొదట్లో గ్యాలరీలో మా ప్రదర్శన. ఈ వరస పెడుతున్నాను. ఫొటో జతచేశాను.

నాన్న నిన్న ఫోన్లో మళ్ళీ మామయ్య పురాణం ఎత్తుకున్నాడు. పోయినసారి మా ఇంటికొచ్చినప్పుడు అందరం చాప మీద కూర్చుంటే ఆయన ఒక్కడే కుర్చీ అడిగాడట, గుమ్మం దగ్గర బూట్లు విప్పలేదట. "మా నేలంటే చిన్నచూపు మీ మామయ్యకి" అన్నాడు. నేను ఫోన్ పక్కన పెట్టి టీ పెట్టుకుని వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు.

నీ మట్టిపిల్ల


ఫిబ్రవరి 11

మట్టిపిల్లా,

నీ ఫొటో వర్క్‌షాపులో అందరి మధ్యా విప్పాను. ఒక పెద్దాయన కాలికి గిన్నె సరిచూస్తున్నదాన్ని అలాగే వదిలేసి స్టోరు గదిలోకి పరిగెత్తాను. అక్కడ అరల వెనక గోనెసంచి ఉండాలి. లేదు. పెట్టెలు సర్దిన రోజు నన్నెవరో పిలిస్తే వెళ్ళాను, ఆలోపు స్టోరు ఆయన కనబడిందల్లా ఎత్తి పెట్టెల్లో పడేశాడు. అడిగితే, "ఖాళీ చేయమన్నారుగా అమ్మా" అన్నాడు. ఆయన తప్పేముంది.

ఆ వరసలో పెట్టినవి నీకు పంపడానికి కాదు. వెంటనే తీసెయ్. వాటిని విరగ్గొట్టు. మిగతావాటితో నీకేం కావాలో చేసుకో, అవి ఎవరివో నీకూ తెలీదు, నాకూ గుర్తులేదు.

ఎవరని అడిగావు. ఆ మనిషి ఇప్పుడు లేడు. పోయి చాలాకాలమైంది. వాళ్ళవాళ్ళు వచ్చి తమ మనిషి కాలు జనం మధ్య ప్రదర్శనకి పెట్టారని చూస్తే వాళ్ళకెలా ఉంటుందో నువ్వే ఆలోచించు. మా దగ్గర పద్ధతి ఒకటుంది. కాలు తయారయ్యాక దిమ్మ పగలగొట్టాలి. ఒకరి ఒంటి రూపం ఇంకొకరి చేతిలో ఉండకూడదని మా పాత పెద్దమ్మగారు చెప్పేవారు. ఆమె దగ్గరే నేను పని నేర్చుకున్నాను.

ఈ మాట ఫోన్లో చెబుదామంటే నా సంగతి నీకు తెలుసు. సాన మిషను పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డ చెవులు. ఎదురుగా ఉన్నవాళ్ళ మాట వినబడుతుంది గానీ ఫోన్లో అంతా గరగరే. మా ఇంటికి ఫోనొస్తే మీ మామయ్యే మాట్లాడి నాకు తిరిగి చెబుతారు. ఆ ఫోను కూడా ఆయన జేబులోనే ఉంటుంది. అందుకని ఉత్తరమే దిక్కు. అందగానే జవాబు రాయి.

నా తమ్ముడికి, అదే మీ నాన్నకి చెప్పు, కుర్చీ గురించి ఇంక మాట్లాడొద్దని.

అత్త


ఫిబ్రవరి 16

అత్తా,

నీ ఉత్తరం చదివి దిమ్మల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అప్పటిదాకా అవి నాకు ఒక రూపం, అంతే. ఆయన లేడని తెలిశాక చివరి దిమ్మని ముట్టుకోవడానికి చెయ్యి ఆడలేదు. ఇంత సన్నబడిందా, ఇంకో అడుగు వేస్తే ఏమీ లేదు కదా అనిపించింది. ఆ వరసకి అర్థమేంటో నాకు తెలియదు ఇన్నాళ్ళూ. ఇప్పుడు తెలిసింది. ఒక మనిషి కొంచెం కొంచెంగా వెళ్ళిపోవడమే అది.

కోప్పడకు. విరగ్గొట్టలేను. ఏటికి వెళ్ళి ఇసుకా రాళ్ళూ తెచ్చాను. గది మధ్యలో పొడుగ్గా ఇసుక పోసి, ఒక కొసన పెద్ద రాళ్ళూ, ఇంకో కొసన గులకరాళ్ళూ, వాటి మధ్య ఆయన్ని వరసగా పెట్టాను. మాస్టారు వచ్చి చూశారు. ముద్దుగా ఉందనలేదు. గది చుట్టూ తిరిగి, "దీన్ని ప్రదర్శనకి నడుమ పెడదాం" అని వెళ్ళిపోయారు. మిగతా అన్నీ గోడల వారకి జరిపించారు. ఇన్నేళ్ళలో నేను చేసిన పని మీద నాకే నమ్మకం కలిగింది ఇప్పుడే.

పేరు 'ఏటి రాయి'. కింద చీటీలో ఇలా రాశాను: "ఈ కాలి మనిషి ఇప్పుడు లేడు. ఏరు రాయిని అరగదీసినట్టు కాలం ఆయన్ని కొంచెం కొంచెంగా తీసుకెళ్ళింది." ఊరూ పేరూ ఏమీ లేవు, వాళ్ళవాళ్ళకి ఎలా తెలుస్తుంది చెప్పు?

ఇప్పుడొకటి అడుగుతాను, తిట్టకు. అందరి దిమ్మలూ పగలగొట్టే నువ్వు ఇతనివి మాత్రం గోనెసంచిలో ఎందుకు దాచావు? ఆ నునుపు పనిలో భాగం కాదు. నేనూ చేతులతో బతికేదాన్నే, తెలుస్తుంది. నీకు ఆయనంటే ఇష్టం కదూ. మామయ్యకి చెప్పను. నువ్వు నాకు చెప్పకపోయినా పరవాలేదు.

మామయ్యంటే గుర్తొచ్చింది. ఆహ్వానం ఆయన పేరుకే పంపాను. పోయినసారి పంపినదాన్ని ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పిపంపారు చూడు, ఈసారి ఒక్క తప్పయినా పట్టుకోమను చూద్దాం. రిటైరయినా ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చెయ్యి ఊరుకోదు. నాన్న దారిలో దిగి ఆయన్ని వెంటబెట్టుకుని వస్తానన్నాడు. నువ్వూ రా.

నీ మట్టిపిల్ల


ఫిబ్రవరి 21

మట్టిపిల్లా,

ఇష్టమా అని అడిగావు. అవును. ఇంకేం అడక్కు.

ఆహ్వానం వచ్చిన రోజే నేను పోస్టు డబ్బాలోంచి తీసి బియ్యం డబ్బాలో దాచాను. తమ్ముడు ఫోన్ చేసి ఆయనకి చెప్పేశాడు. ఇప్పుడు ఆయన బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నారు. ఎప్పుడూ లేనిది "పిల్ల బొమ్మలు చూసొద్దాం" అంటున్నారు.

ఆయన ఆ వరస చూడకూడదు. తమ్ముడూ చూడకూడదు. నేను ఒకరికి ఇచ్చిన మాట ఉంది. పెళ్ళికి ముందు ఇచ్చిన మాట, ఇంతవరకూ తప్పలేదు. ఆ దిమ్మలు అక్కడుంటే ఆ మాట పోతుంది, ఆ మాట పోతే మా ఇంట్లో నాకేం మిగలదు. ఇంతకంటే రాయడం నా చేతిలో లేదు. రాస్తే అదే మాట తప్పడం.

నీ పని పాడవుతుందని తెలుసు. మాస్టారుగారికి ఏదో ఒకటి చెప్పు. గుడ్డ కప్పు, గది తాళం వెయ్యి, ఏదో ఒకటి చెయ్యి. నిన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగానా?

అత్త


మార్చి 3

అత్తా,

నీ ఉత్తరం ఇప్పుడే చూశాను. వారంపైగా గ్యాలరీలోనే తిని అక్కడే పడుకున్నాను. గదికొచ్చి తలుపు తీస్తే కాలి కింద నీ కవరు. నిన్న చదివి ఉంటే అన్నీ పీకేసేదాన్ని. నమ్ముతావో లేదో.

ఈపాటికి మామయ్య ఇంటికి చేరి ఉంటారు. ఏం చెప్పారో, ఏం చెప్పలేదో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వాళ్ళిద్దరూ నిన్న మధ్యాహ్నం వచ్చారు. మామయ్య బొమ్మలు చూడరు కదా, ముందు చీటీలు చదువుతారు. మొదటి రెండూ చదివి, "రెండోదాంట్లో ఫుల్‌స్టాప్ మింగేశావు" అన్నారు. నాన్న నేరుగా నడుమ గదిలోకి వెళ్ళి, "ఇవేంటే, సున్నం వేసేవాళ్ళు ముద్దలు మర్చిపోయి వెళ్ళారా" అన్నాడు. పక్కన నలుగురు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మామయ్య వచ్చి ఆ చీటీ చదివారు. మళ్ళీ చదివారు. అప్పుడు తలెత్తి వరసని చూశారు. మొదటి కొస నుంచి చివరిదాకా నడుస్తూ ఒక్కోదాని మీదా చెయ్యి వేశారు. ముట్టుకోవచ్చని బోర్డు పెట్టాను, కానీ ఆయన బోర్డు చూడలేదు. మచ్చ ఉన్న చోట ప్రతిసారీ బొటనవేలు ఆగింది. నాకు మెచ్చుకుంటున్నారనిపించింది. సంతోషపడ్డాను కూడా, అత్తా.

తిరిగి చీటీ దగ్గరికొచ్చి జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. 'లేడు' మీద గీత కొట్టి, పక్కన మార్జిన్‌లో 'ఉన్నాడు' అని రాశారు. రెండో వాక్యం మొత్తం కొట్టేశారు. కింద, 'సరిచూడగలరు' అని రాశారు.

కాపలా అతను కేకేస్తూ వచ్చాడు. నాన్న అడ్డం వెళ్ళాడు.

"బావా, ఇది నీ ప్రెస్సులో ప్రూఫు కాదు. పదిమందిలో పిల్ల పరువు తీయకు."

"తప్పు కనబడితే దిద్దాలి."

"తప్పని నీకెలా తెలుసు? ఆ పోయినవాడు వచ్చి చెప్పాడా?"

"వచ్చాడు. నీతోపాటే బస్సులో వచ్చాడు. కిటికీ పక్క సీటు అడిగితే నువ్వు ఇవ్వలేదు."

అని పెన్ను తిరగేసి తన ఎడమ కాలి మీద, ప్యాంటు మీదుగా, రెండుసార్లు కొట్టారు. తలుపు కొట్టినట్టు చప్పుడైంది.

ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కాపలా అతను ఎత్తిన చెయ్యి దించలేదు. నాన్న ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. మామయ్య ఆయన్ని చూసి, "లే. నేల మీద కూర్చోవడం నీకు అలవాటే గానీ, ఇక్కడ జనం తిరుగుతున్నారు" అన్నారు. తర్వాత నన్ను అడిగారు.

"నేను పోయానని ఎవరు చెప్పారు? మీ అత్తా?"

అవునని తలూపాను. అబద్ధం చెప్పాలని తోచనేలేదు. ఆయన పెన్నుకి మూత పెట్టి, జేబులో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. వెనకాల పరిగెత్తాను. ఎప్పటిలాగే నడుస్తున్నారు. నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్న నడకే. ఏమీ తెలియలేదు, అత్తా. మనిషి ఒంటిని చూడటమే నా పని అని చెప్పుకుని తిరుగుతున్నాను.

నాన్న క్యాంటీన్‌లో కూర్చుని ఏడ్చాడు. నాన్న ఏడవడం నేను చూడలేదెప్పుడూ. "బూట్లు విప్పడని ఎన్ని మాటలన్నానే" అంటూ అదే పట్టుకున్నాడు.

మాస్టారు చీటీ మార్చమన్నారు. మార్చలేదు. ఎర్ర గీతలతో అలాగే ఉంది. నేనేం చేయాలో రాయి.

నీ మట్టిపిల్ల


మార్చి 8

మట్టిపిల్లా,

ఆయన వచ్చారు. బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చుని మంచినీళ్ళడిగారు. తాగి, గ్లాసు కింద పెట్టి, "నన్ను ఎప్పుడు చంపావు?" అన్నారు.

"ఫిబ్రవరిలో" అన్నాను.

"దేంతో పోయాను?"

"అది రాయలేదు."

"కనీసం జబ్బు పేరైనా రాయాల్సింది" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆ తర్వాత నాతో మాట లేదు. అన్నం పెడితే తింటున్నారు. పేపరు వస్తే తప్పులు దిద్ది మడతపెడుతున్నారు. ఉన్న మనిషిని ఉత్తరంలో చంపేసి, ఎదురుగా కూర్చుని వడ్డించడం ఎలా ఉంటుందో నీకు రాయలేను. కళ్ళెత్తి చూడలేకపోతున్నాను.

నిన్న ఉన్నట్టుండి వచ్చి, "పిల్లకి అన్నీ రాయి, ఇంకా దాచేదేముంది" అన్నారు. అందుకే రాస్తున్నాను.

ఆయన మా వర్క్‌షాపుకి వచ్చినప్పుడు నేను కొత్తగా చేరాను. ప్రెస్సులో కాగితం కోసే మిషను మీద పనిచేసేవారప్పుడు. ఆ మిషనే కాలు తీసుకుంది. ఆ తర్వాతే ప్రూఫుల టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. పెళ్ళి మాట ఆయనే ఎత్తారు. ఒక్క షరతు పెట్టారు. "మా ఇంట్లో నేను గ్లాసు ఎత్తితే నలుగురు పట్టుకోవడానికి వస్తారు. నాతో ఎవరూ గొడవపడరు. నన్ను మామూలుగా తిట్టే ఇల్లు ఒకటి కావాలి. మీ వాళ్ళకి చెప్పకు" అన్నారు. సరేనన్నాను.

మీ నాన్న ఆయన్ని పొగరుబోతన్న రోజు నాకు బాధేసేది. ఈయన మాత్రం తిరుగు ప్రయాణంలో హుషారుగా ఉండేవారు. "మీ తమ్ముడు ఇవాళ భలే తిట్టాడు" అని నవ్వేవారు. కుర్చీ గొడవలో నేను చెప్పబోతే మోచేత్తో పొడిచి ఆపేవారు. అది పోయింది ఆయనకి. అదొక్కటే ఆయన నన్ను అడిగింది.

ఇంట్లో ఆయన నా ఎదుట కాలు తీయరు. బాత్రూంలో గడియ పెట్టుకుని తీసుకుంటారు, లోపలే కర్ర ఉంటుంది. దీపం తీశాక వచ్చి పడుకుంటారు. కొన్నేళ్ళకోసారి గిన్నె వదులైనప్పుడు వర్క్‌షాపుకి వచ్చి అందరితోపాటు బల్ల మీద కూర్చుంటారు. నేను నంబరు పిలిస్తే లేస్తారు. "ఇక్కడ నేను నీ పేషెంటుని, ఇంట్లో నీ మొగుడిని, రెండూ కలపకు" అనేవారు. కలపలేదు. అంటే, ఆయనకి తెలిసేలా కలపలేదు.

కాలు తయారయ్యాక ఆ దిమ్మ ముందు పెట్టుకుని సుత్తి ఎత్తేదాన్ని. పగలగొట్టలేకపోయేదాన్ని. ఇంట్లో నన్ను చూడనివ్వని కాలు అది. నా దగ్గర ఉన్నది ఆ ప్లాస్టరే. అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు తడిగుడ్డ పెట్టి తుడిచేదాన్ని. నువ్వు ఫొటో పంపి ఈ నునుపు ఎవరికోసమని అడిగితే, ఆ మనిషి పోయాడని రాసేశాను.

ఇంకొకటి, నువ్వు తప్పుగా రాశావు. కాలు సన్నబడింది ఆయన తరిగిపోయి కాదు. బాగా నడిచినవాళ్ళ కాలే గిన్నెలో అలా కుదురుకుంటుంది. మంచం పట్టినవాళ్ళది అలా రాదు.

పగలగొట్టావా అని ఆయన ప్రతిసారీ అడిగేవారు. పగలగొట్టాననేదాన్ని. ఇప్పుడు దానికి కోపమో, చంపినందుకు కోపమో తెలియదు. అడగలేదు.

అత్త


మార్చి 13

అత్తా,

నీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. కింది వాటా నర్సు గడప దగ్గర నిలబడి ఏమైందని అడిగింది. ఈసారి కాఫీ ఆమే పెట్టి తెచ్చింది.

సిగ్గుగా ఉంది. ఆయన పోయాడని నువ్వు రాసినప్పుడు నాకు బాధ కలిగింది, దాని కింద సంతోషం కూడా కలిగింది. పోయిన మనిషైతే పని గొప్పగా ఉంటుందని. నేను చూసింది చావు, అక్కడున్నది నడక. మామయ్య ఆ వాక్యం కొట్టేసి మంచిపని చేశారు. ఆయన తీసేయమంటే ఇవాళే తీసేసి పెట్టెలో సర్ది తెస్తాను. మాస్టారు ఒప్పుకోకపోయినా సరే.

నువ్వు కంగారు పడే సంగతి ఇంకొకటి ఉంది. నాన్న మారిపోయాడు. ఆ రోజు నుంచి మామయ్య పేరు మెల్లగా పలుకుతున్నాడు. "పాపం మీ మామయ్య" అంటున్నాడు. ఇంట్లో చాప ఎత్తేసి కుర్చీలు కొన్నాడు. నిన్న బజారుకెళ్ళి వెండి పిడి ఉన్న చేతికర్ర కొన్నాడు, మామయ్యకి ఇవ్వడానికి. వద్దు నాన్నా అని బతిమాలాను. "నీకు తెలీదు, నేను చేసిన పాపం నేనే కడుక్కోవాలి" అన్నాడు. కర్రని కాగితంలో చుట్టుకుని రేపు మీ ఇంటికి బయల్దేరుతున్నాడు. ఫోన్ చేసి ఆపుదామంటే ఆ ఫోన్ ఎత్తేది మామయ్యే కదా. ఈ ఉత్తరం ముందు చేరుతుందో నాన్న ముందు చేరతాడో.

నీ మట్టిపిల్ల


మార్చి 20

మట్టిపిల్లా,

మీ నాన్నే ముందు చేరాడు.

వచ్చినవాడు గుమ్మంలోనే మీ మామయ్య చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. సొంతింట్లో ఆయన్ని. కుర్చీ దుమ్ము దులిపి కూర్చోబెట్టాడు. నీళ్ళు నేను తెస్తుంటే లాక్కుని తనే అందించాడు. కర్ర ఇచ్చాడు. మీ మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది" అన్నారు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. ప్రెస్సు మానేసిన రోజు కూడా ఆయన గొంతు అలా లేదు. ఆ రెండు రోజులూ ఆయన ఏమన్నా మీ నాన్న "నువ్వు చెప్పిందే రైటు బావా" అన్నాడు. పేపర్లో ఎన్నికల వార్త మీద కావాలని తప్పు వాదన చేశారు. దానికీ రైటే అన్నాడు.

మూడో రోజు పొద్దున మీ మామయ్య స్నానం చేసి గడియ తీశారు. కర్ర మీద వచ్చారు, పాతది, బాత్రూంలో ఉండేది. కాలు పెట్టుకోలేదు. దాన్ని చంకలో పెట్టుకుని తెచ్చి, వాకిట్లో చెప్పుల స్టాండ్ పక్కన బూటుతో సహా నిలబెట్టారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో నేను పగటి వెలుగులో మా ఇంట్లో ఆ మోకాలు చూడటం అదే మొదలు. "ఏం చూస్తావు, నువ్వు చంపినవాడినే" అని వెళ్ళి సోఫాలో కూర్చుని పేపరు తీశారు. నేను వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించాను. ఏం పెట్టాలో తోచక పాలు పెట్టాను.

అంతలో మీ నాన్న పాల ప్యాకెట్ల కోసం వెళ్ళి తిరిగొచ్చాడు. చూసుకోలేదు. కాలికి తట్టుకుని, చెప్పుల స్టాండ్‌తో సహా బోర్లా పడ్డాడు. ప్యాకెట్ పగిలి వాకిలంతా పాలు. తల ఎత్తి చూస్తే ముఖం ముందు బూటు.

"కాలు ఎక్కడ పెట్టాలో తెలీదా బావా? ఇంటికొచ్చినవాళ్ళు పడి చావాలా?" అని అరిచాడు.

"చూసి నడవడం నేర్చుకో. రెండున్నాయిగా" అన్నారు మీ మామయ్య, పేపరు దించకుండా.

"పొగరు. అప్పుడూ పొగరే, ఇప్పుడూ పొగరే. నీకోసం కొన్న కుర్చీలు షాపుకి తిరిగిచ్చేస్తాను చూడు."

"ఇచ్చెయ్. కిటికీ పక్క సీటు ఇవ్వనివాడు కుర్చీలిస్తాడా నాకు."

అక్కడ మొదలైంది. బస్సు సీటు దగ్గర్నుంచి మా పెళ్ళిలో ఎవరు ఎవరిని ముందు పలకరించలేదన్నదాకా పోయింది. మీ నాన్న పాలలో కూర్చునే అరుస్తున్నాడు. నాకు ఫోన్లో ఎవరి గొంతూ వినబడదు గానీ, ఆ అరుపులు వంటింట్లోకి ఒక్క ముక్క పోకుండా వినబడ్డాయి. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. కట్టేసి, గుడ్డ చేత్తో పట్టుకుని, తుడవకుండా అక్కడే నిలబడి విన్నాను.

నీ వరస ఉంచుకోమన్నారు. పేరు మాత్రం వేయొద్దట, దిద్దినవాడి పేరు ఎక్కడా అచ్చువేయరట. వెండి పిడి కర్రతో కిటికీ తలుపు కొట్టుకోకుండా ఆపుకుంటున్నాం. మీ నాన్న ఇంకా ఇక్కడే ఉన్నాడు, ఇద్దరికీ మాటల్లేవు, ఒకే పేపరు చెరో సగం చదువుతున్నారు. వచ్చేటప్పుడు చూసి నడువు. కాలు ఇంకా చెప్పుల స్టాండ్ పక్కనే ఉంటోంది.

అత్త